అటకెక్కిన బొమ్మలు: ఒక చెల్లెలి ప్రశ్నకు సమాధానం

ప్రశ్న: మా అన్నయ్యకు యాభై దాటాయి. ఉద్యోగం చేసుకుంటూనే ముప్పై ఏళ్లుగా తైలవర్ణ చిత్రాలు వేస్తున్నాడు. వాన వెలిశాక తడి ఆరుతున్న గోడలంటే అతనికి ప్రాణం. ఒకే గోడను వేరువేరు వేళల్లో ఎన్నోసార్లు వేశాడు. "మాకొక బొమ్మ వేసిపెట్టు" అని అడిగి ఊరికే పట్టుకెళ్లిన బంధువులు చాలామంది ఉన్నారు గాని, ఆ గోడల బొమ్మల ముందు ఒక్క నిమిషం నిలబడినవారు లేరు. ప్రదర్శనలకు పంపినవి తిరిగి వచ్చాయి. ఏడాది కిందట బొమ్మలన్నీ కట్టలు కట్టి అటకెక్కించి, కుంచె పక్కన పెట్టేశాడు. అడిగితే, "చూసేవాళ్లు లేనప్పుడు ఎవరి కోసం వేయాలి?" అంటాడు. నిజమైన ప్రతిభ ఎప్పటికైనా బయటపడుతుందని ఇంట్లోవాళ్లు ఓదారుస్తున్నారు. ఆ మాట నిజమేనా? సమాజం కళాకారులను ఎందుకిలా పట్టించుకోదు? చిత్రకళలో ఓనమాలు కూడా తెలియని నేను అతని కోసం ఏం చేయగలను? ఈ ఉత్తరం రాస్తున్నట్టు అతనికి తెలియదు. చెప్పాలా?
— ఒక చెల్లెలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలలో మొదటిదానికి ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దానిమీదనే ఆధారపడి ఉన్నాయి. నిజమైన ప్రతిభ ఎప్పటికైనా బయటపడుతుందన్న మాట నిజం కాదు. ఇంట్లోవాళ్లు మంచి మనసుతోనే అంటున్నారు. కాని ఆ మాటకు సాక్ష్యంగా మనం చూపించే పేర్లన్నీ బయటపడినవారివే. బయటపడనివారి పేర్లు మనకు తెలియవు కాబట్టి వారిని లెక్కలోకి తీసుకోవడం మనకు సాధ్యం కాదు. ఎన్ని తాళపత్రాలు చెదల పాలయ్యాయో, ఎన్ని పాటలు పాడిన గొంతుతోనే పోయాయో, ఎన్ని చిత్రాలను పనికిరాని సామానుతో కలిపి పారేశారో చెప్పగలవారెవరూ లేరు. పైగా, బయటపడ్డాయని మనం సంతోషించే కృతుల చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే, అవి కూడా వాటంతట అవి వెలుగులోకి వచ్చినవి కావని తెలుస్తుంది. వాటి వెనుక పేరు పెట్టి చెప్పగలిగిన ఒకరిద్దరు మనుషులూ, వారు ఏళ్ల తరబడి పడిన శ్రమా కనిపిస్తాయి.

నిరాదరణకు గురైన చిత్రకారుడు అనగానే అందరి నోటా వచ్చే పేరు విన్సెంట్ వాన్ గో. 1890 జులైలో ముప్పై ఏడేళ్ల వయసులో ఆయన మరణించాడు. ఆయన చిత్రాలను లోకం తరువాత "గుర్తించింది" అని మనం తేలికగా అనేస్తాం. నిజానికి జరిగింది ఇది. ఆయనకు నెలనెలా డబ్బు, రంగులు, కాన్వాసు పంపించి నిలబెట్టిన తమ్ముడు థియో, అన్న పోయిన ఆరు నెలలకే కన్నుమూశాడు. థియో భార్య యోహానాకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. చంకలో ఇంకా ఏడాది నిండని బిడ్డ. చేతికి మిగిలినవి వందల కొద్దీ చిత్రాలు, గుట్టగా ఉత్తరాలు. ఆమె చిత్రకళలో శిక్షణ పొందినది కాదు. ఇంగ్లీషు చదువుకుని, పాఠాలు చెప్పి, అనువాదాలు చేసిన మనిషి. ఆమె ఆ చిత్రాలన్నింటినీ వెంటబెట్టుకుని స్వదేశమైన నెదర్లాండ్స్‌కు వెళ్లి, ఒక చిన్న ఊరిలో అద్దెకు గదులిచ్చి భోజనం పెట్టే ఇల్లు నడుపుతూ, చిత్రాలను ఆ ఇంటి గోడలకే వేలాడదీసింది. రాత్రిపూట ఉత్తరాలను చదివి, తేదీలు లేనివాటికి వరుస కట్టింది. ప్రదర్శనలు పెట్టించింది. విమర్శకులకు ఉత్తరాలు రాసింది. ఏ చిత్రాన్ని అమ్మాలో, దేనిని అమ్మకూడదో ఆలోచించి నిర్ణయించుకుంది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 480కి పైగా చిత్రాలతో ఆమె పూనికమీద పెద్ద ప్రదర్శన జరిగింది. ఉత్తరాలు 1914లో అచ్చయ్యాయి. అంటే లోకం "గుర్తించడం" అన్న పనికి ఒక స్త్రీ జీవితంలో ఇరవైకి పైగా ఏళ్లు పట్టాయి. చిత్రకళలో ఓనమాలు తెలియవని మీరు రాశారు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. యోహానా కూడా కావలసినది పని చేస్తూనే నేర్చుకుంది.

జర్మన్ సంగీతకర్త బాహ్ సంగీతం విషయమూ అలాంటిదే. 1723లో లైప్జిగ్ నగరం ఆయనను ఉద్యోగంలోకి తీసుకున్నది తాము కోరుకున్న ఇతరులు దొరకనందువల్ల మాత్రమే. 1750లో ఆయన పోయిన తరువాత ఆయన మహాకృతులలో కొన్ని దశాబ్దాలపాటు రాతప్రతులలోనే ఉండిపోయాయి. వాటిలో ఒక పెద్ద గానకృతి రాతప్రతిని ఒక అమ్మమ్మ తన మనవడికి కానుకగా ఇచ్చింది. ఆ మనవడు, తరువాత తానూ పేరున్న సంగీతకర్త అయిన మెండెల్సన్. ఇరవయ్యేళ్ల వయసులో, 1829 మార్చిలో, అతడు బెర్లిన్‌లో దానిని మళ్లీ వినిపించిన తరువాతనే బాహ్ పట్ల లోకానికి కొత్త ఆసక్తి పుట్టింది. ఆ సభలో వాయించినవారినీ, పాడినవారినీ, విన్నవారినీ అందరం తలుచుకుంటాం. నాకు మాత్రం ఆ అమ్మమ్మే ఎక్కువగా గుర్తుకొస్తుంది. మనవడికి ఏమివ్వాలో ఆమెకు తెలిసింది.

మన భాషలో అన్నమాచార్యుల కథ మీకు తెలిసినదే అయినా, దానిలో ఒక ముక్కను మనం సాధారణంగా పట్టించుకోము. ఆయన కీర్తనలను కొడుకులూ మనవలూ రాగిరేకులమీద చెక్కించారు. ఆ రేకులు తిరుమల ఆలయంలోని చిన్న అరలో శతాబ్దాలపాటు ఉండిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషివల్ల మళ్లీ జనం నోళ్లకు ఎక్కాయి. ముప్పై రెండు వేలని చెప్పే సంకీర్తనలలో మనకు దక్కినవి సుమారు 14,000. ఇదంతా సంతోషించవలసిన విషయమే. కాని రేకులమీద ప్రతి కీర్తనకూ రాగం పేరు ఉంది, స్వరం లేదు. అన్నమయ్య ఏ వరసలో పాడాడో ఇప్పుడు చెప్పగలవారు లేరు. మనం వింటున్న వరసలు చాలావరకు ఈ కాలపు విద్వాంసులు కట్టినవి. ఆదరణ ఆలస్యమైతే చివరికి దొరికినది కూడా పూర్తిగా దొరకదని ఆ రేకులు చెబుతున్నాయి. మీ అన్నయ్యగారి బొమ్మల విషయంలోనూ, వాటిని వేసిన మనిషి ఎదురుగా ఉండగా తెలుసుకోగలిగినవి ఎన్నో ఉన్నాయి. తరువాత అడగడానికి ఎవరూ ఉండరు.

ఇక్కడ సంస్కృత నాటకకర్త భవభూతిని తలుచుకోకుండా ఉండలేను. తన నాటకాన్ని చులకన చేసినవారికి సమాధానంగా ఆ కవి, నాతో సమానమైన మనసున్నవాడు ఎక్కడో ఒకడు పుడతాడు, లేదా ఇప్పటికే ఉన్నాడు, కాలానికి అంతు లేదు, భూమి కూడా విశాలమైనదే అన్నాడు. పన్నెండు వందల ఏళ్లుగా ఎందరో రచయితలు ఆ శ్లోకాన్ని గుండెకు హత్తుకున్నారు. దానిలోని ధైర్యానికి నేనూ నమస్కరిస్తాను. కాని ఆ మాట అనే హక్కు కవికే ఉంది. చూడవలసిన మనం, వినవలసిన మనం, కాలానికి అంతు లేదు కదా, ఎవరో ఒకరు గుర్తిస్తారులే అనుకుంటే అది బాధ్యత తప్పించుకోవడమే అవుతుంది. భవభూతి ఎదురుచూసిన సమానధర్ముడు ఎక్కడో పుట్టనక్కరలేదు. ఆ మనిషి పక్కగదిలోనే ఉండి, తల తిప్పి చూడకపోవచ్చు కూడా.

సమాజం ఎందుకిలా ఉంటుందని అడిగారు. సమాజం అని ఒకరు విడిగా లేరు కాబట్టి, మనుషులు ఎందుకిలా ఉంటారని అడగడం మేలు. దుర్మార్గం వల్ల కళను నిర్లక్ష్యం చేసేవారు తక్కువ. కొత్తగా ఉన్న కృతిని చూడడానికి కంటికి కొంత అలవాటు కావాలి. ఆ అలవాటు అయ్యేదాకా చూస్తూ ఉండే ఓపిక చాలామందికి ఉండదు. తన కంటిమీద తనకు నమ్మకం లేని మనిషి, ఇతరులు మెచ్చుకున్న తరువాత మెచ్చుకోవడం క్షేమమనుకుంటాడు. అలాంటివారు పదిమంది ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడితే, ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకుండానే ఒక కళాకారుడి జీవితం గడిచిపోతుంది. ఇక దగ్గరివారి సంగతి వేరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు. రోజూ పక్కన కూర్చుని అన్నం తినే మనిషిలో అసాధారణమైనది ఉంటుందని ఒప్పుకోవడానికి మనసు రాదు. అసూయ అనలేను గాని, అలవాటు అన్నది అసూయకంటే గట్టి తెర.

మరణం ఆ తెరను తొలగిస్తుంది. చచ్చినవాడి కళ్లు చారెడు అన్న సామెతలో ఎంత నిష్ఠురం ఉందో అంత నిజమూ ఉంది. మనిషి ఉన్నంతకాలం అతడికి డబ్బు అవసరం, మాట అవసరం, మన సమయం అవసరం. పోయిన తరువాత ఇవేవీ అక్కరలేదు కాబట్టి పొగడ్త చవక అవుతుంది. ఈ అన్యాయాన్ని చూసి కన్నీళ్లతో సరిపెట్టుకోకుండా ఏర్పాట్లు చేసుకున్న సమాజాలూ ఉన్నాయి. చిత్రకారుడి నుంచి తక్కువకు కొన్న చిత్రాన్ని ఇతరులు పెద్ద మొత్తాలకు చేతులు మార్చుకుంటుంటే, వేసినవాడి కుటుంబం పేదరికంలో ఉండడం చూసి, ఫ్రాన్స్ 1920లో ఒక చట్టం తెచ్చింది. చిత్రం మళ్లీ అమ్ముడైనప్పుడు వచ్చిన ధరలో కొంత వాటా చిత్రకారుడికో అతని వారసులకో చెందాలన్నది దాని సారం. అమెరికాలో ఆర్థికమాంద్యం రోజులలో, 1935 నుంచి 1943 వరకు, ప్రభుత్వమే చిత్రకారులకు జీతమిచ్చి పని కల్పించింది. అలా జీతం తీసుకున్నవారిలో తరువాత ప్రసిద్ధ చిత్రకారులైన పోలక్, రోత్కో, లీ క్రాస్నర్ ఉన్నారు. అప్పటికి వారికి పెద్ద పేరు రాలేదు. ఐర్లండ్ 2022లో రెండు వేల మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్లపాటు ఇచ్చే ప్రయోగం మొదలుపెట్టింది. ఇవన్నీ మేధావులను వెతికి పట్టుకునే పథకాలు కావు. ఎవరు మేధావో ముందుగా తెలియదు కాబట్టి, చాలామందికి పని చేసుకునే వీలు కల్పిస్తే ఆ కొందరు కూడా దానిలో ఉంటారన్న వివేకం వాటిలో ఉంది. అది నాకు నచ్చుతుంది.

దీనికి ఎదురుగా ఒక పాత మాట ఎప్పుడూ వినిపిస్తూ ఉంటుంది. కష్టాలలోనుంచే గొప్ప కళ పుడుతుందట, కళాకారుడికి సుఖం ఇస్తే చేతికి తుప్పు పడుతుందట. ఈ మాట అనేవారు తమ పిల్లల చదువు విషయంలో ఇదే సూత్రాన్ని పాటించరు. వాన్ గోకు మనసుకు సంబంధించిన జబ్బు తీవ్రమైన వారాలలో కుంచె పట్టే ఓపికే ఉండేది కాదు. ఆ కాలంలో ఆయన వేసిన గొప్ప చిత్రాలు ఎక్కువగా, జబ్బు తగ్గి మనసు కుదుటపడిన రోజులలోవి. బాధ వల్ల ఆయన గొప్పవాడు కాలేదు. బాధ ఉన్నా తమ్ముడి చేయూత ఉన్నందువల్ల ఆ మాత్రం పని చేయగలిగాడు. ఆయన బతికుండగా ఒకే ఒక్క చిత్రం అమ్ముడుపోయిందని చెప్పుకుంటారు. అది కూడా అంత ఖచ్చితమైన మాట కాదు. 1890లో బ్రసెల్స్ ప్రదర్శనలో ఒక ద్రాక్షతోట చిత్రాన్ని తోటి చిత్రకారిణి ఒకరు 400 ఫ్రాంకులకు కొన్నది నిజమే గాని, దానికి ముందే బంధువొకరు డబ్బిచ్చి ఆయనచేత రేఖాచిత్రాలు గీయించుకున్నారు. ఈ చిన్న సవరణ ఎందుకంటే, పూర్తి ఒంటరితనంలో మేధావి వెలుగుతాడన్న కథను మనం ఇష్టంగా నమ్ముతాం. ఆ నమ్మకం మనకు సౌకర్యంగా ఉంటుంది.

ఇప్పుడు మీ అన్నయ్యగారి సంగతికి వస్తాను. ఆయన మేధావియా కాదా అన్నది నేను చెప్పలేను, బొమ్మలు చూడలేదు. చూసినా ఖచ్చితంగా చెప్పగలనని అనుకోను. మీరు కూడా ఆ ప్రశ్నతో మొదలుపెట్టవద్దు. మెచ్చుకోలుకు ముందు యోగ్యతాపత్రం అడగడం మనకున్న చెడ్డ అలవాట్లలో ఒకటి. ముప్పై ఏళ్లపాటు ఎవరూ అడగకుండా, ఎవరూ చూడకుండా, ఒకే గోడను మళ్లీ మళ్లీ వేసిన మనిషి ఏదో ఒకదానిని వెతుకుతున్నాడు. అది దొరికిందో లేదో తెలుసుకోవాలన్న కోరిక మీకు కలిగితే, మొదటి అడుగు వేసినట్టే.

ఆయన అనుమతి తీసుకుని, ఆ గోడల బొమ్మలలో రెండింటిని కిందికి దింపి, కిటికీ పక్కన వెలుతురులో పక్కపక్కన పెట్టండి. ఏమీ మాట్లాడకుండా పది నిమిషాలు చూడండి. మొదటి రెండు నిమిషాలు గోడే కనిపిస్తుంది. ఆ తరువాత తేడాలు కనిపించడం మొదలవుతుంది. నీటికి రంగు లేదు కదా, అయినా తడిసిన చోట గోడ ముదురుగా ఎందుకు కనబడుతుంది? పైనున్న సన్నని నీటిపొరలో వెలుగు చిక్కుకుని, గోడలోకి ఎక్కువగా ఇంకి, మన కంటికి తక్కువగా తిరిగి వస్తుంది కాబట్టి. ఆ ముదురుదనాన్ని మీ అన్నయ్య నలుపు కలిపి సాధించారా, లేక అదే రంగును చిక్కగా వేసి సాధించారా? తడి ఆరుతున్న అంచు దగ్గర కుంచె పోకడ మారిందా? ఒకదానిలో నీడకు నీలం, ఇంకొకదానిలో ఊదా ఎందుకు వచ్చాయి? ఇవి ఆయననే అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. విసుక్కోవచ్చు కూడా. కాని "చాలా బాగుంది అన్నయ్యా" అన్న మాట ఆయన ముప్పై ఏళ్లుగా విన్నారు, అందులో చూపు లేదని ఆయనకు తెలుసు. "ఈ మూలన ఎందుకు గీరేశావు?" అన్న ప్రశ్న బహుశా ఎప్పుడూ విని ఉండరు. చూశామనడానికి ప్రశ్న సాక్ష్యం.

పొగడ్త విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. ఆయనను ఉత్సాహపరచాలన్న ఆత్రంలో లేని గొప్పలు చెప్పవద్దు. ఎన్నేళ్లుగానో పనిచేస్తున్న మనిషి తన పనిలో ఎక్కడ చేయి జారిందో తనకంటే బాగా ఎవరూ ఎరగరు. ఆ చోటును కూడా మీరు పొగిడితే, మిగిలిన చోట్ల మీరన్న మాటకూ విలువ పోతుంది. నచ్చనిది నచ్చలేదనండి, అర్థం కానిది అర్థం కాలేదనండి. నచ్చినప్పుడు మాత్రం వాయిదా వేయకుండా, ఏది నచ్చిందో వేలు పెట్టి చూపించి చెప్పండి. మనం మెచ్చుకోవలసినవారికి మెచ్చుకోలు మాట చెప్పకుండా దాచుకుంటాం, వారికి గర్వం వస్తుందేమోనని భయపడతాం. గర్వం వల్ల పని మానేసినవారిని నేను పెద్దగా చూడలేదు.

బంధువులు ఊరికే తీసుకెళ్లారని రాశారు. ఇది చిన్న విషయమని వదలకండి. కాన్వాసుకూ రంగులకూ అయిన ఖర్చు ఆయనదే, ఆదివారాలు ఆయనవే, నిద్ర మానుకున్న రాత్రులు కూడా ఆయనవే. మనవాడే కదా అని తీసుకునేవారు అభిమానం చూపుతున్నామనే అనుకుంటారు. కాని డబ్బు ఇవ్వకుండా తీసుకున్న వస్తువును తలుపు వెనుకకో మేడమెట్ల కిందకో నెట్టడం చాలా తేలిక. మీకు వీలైతే ఒక బొమ్మను మీరే, ఆయన చెప్పిన ధరకు, డబ్బిచ్చి కొనుక్కోండి. చెల్లెలి దగ్గర డబ్బు తీసుకుంటానా అని ఆయన కోప్పడతారు. అయినా పట్టుబట్టండి. ఇకమీద ఎవరైనా వేసిపెట్టమని అడిగితే, ధర చెప్పే బాధ్యత మీరు తీసుకోండి. మొహమాటం వల్ల ఆయన చెప్పలేని మాట మీరు చెప్పగలరు.

బొమ్మలను కట్టలు కట్టి అటకెక్కించారన్న వాక్యం చదివినప్పటినుంచి నాకు మనసులో ఆందోళనగా ఉంది, అందుచేత దాని గురించి కొంచెం విపులంగా రాస్తున్నాను. తైలవర్ణం పైకి ఆరినట్టు కనిపించినా, మందంగా వేసిన చోట లోపల ఆరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. రెండు చిత్రాలను మొహానికి మొహం ఆనించి కడితే, వేడికి మెత్తబడిన రంగు ఒకదానికొకటి అతుక్కుపోతుంది. అటకమీద వేడీ తేమా రెండూ ఎక్కువే. అలా అతుక్కున్నవి కనిపిస్తే, లాగి విడదీయకండి. చిత్రాలను బాగుచేసే నిపుణుడికి చూపించేదాకా అలాగే ఉంచండి. మిగిలినవాటిని దింపి, నేలకు తగలకుండా చెక్కపీటమీద, తేమ చేరని లోపలి గోడకు, పుస్తకాల మాదిరిగా నిలువుగా పెట్టండి. రెండింటి మధ్య గట్టి అట్ట ఒకటి ఉండాలి. పాత వార్తాపత్రికలు వద్దు, వాటిలోని ఆమ్లం హాని చేస్తుంది. దుమ్మును మెత్తని పొడికుంచెతో తేలికగా తుడవవచ్చు గాని, తడిగుడ్డ ఎప్పుడూ తగలనివ్వకూడదు. బొమ్మలను పూర్తి చీకటిలో చాలాకాలం ఉంచితే రంగులో కలిసిన అవిసె నూనె పసుపుబారుతుంది. మళ్లీ వెలుతురు తగిలితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. ఎండ మాత్రం సూటిగా పడకూడదు.

దింపుతున్నప్పుడే ఒక్కొక్కదానికీ ఫొటో తీసుకోండి. ఫ్లాష్ వేయకుండా, కిటికీలోనుంచి వచ్చే మెత్తని వెలుతురులో, కెమెరా చిత్రానికి సరిగ్గా ఎదురుగా ఉండేలా చూసుకోండి. ఒక నోటుపుస్తకంలో అది వేసిన సంవత్సరం, కొలతలు, ఏ గోడ, ఏ వేళ, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్నవి రాయండి. వెనుకవైపు ఏదైనా రాయవలసి వస్తే కాన్వాసు గుడ్డమీద రాయకండి, చెక్కచట్రంమీద మెత్తని పెన్సిల్‌తో రాయండి. బంధువుల ఇళ్లకు చేరినవాటిని కూడా ఫొటో తీయించి జాబితాలో చేర్చండి. ఇది మీరు చేయగల పనులన్నింటిలోనూ అతి విలువైనదని నా నమ్మకం. యోహానా చేసిన పనిలో సగం ఇదే. దీనికి చిత్రకళ తెలియనక్కరలేదు, ఓపిక ఉంటే చాలు. పైగా ఆ జాబితా పూర్తయ్యేసరికి మీ అన్నయ్యగారు ముప్పై ఏళ్లలో ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చారో ఆయనకే మొదటిసారి ఒక్కచోట కనిపిస్తుంది. ఒక్కొక్క బొమ్మ తిరిగి వచ్చినప్పుడు కనిపించని దారి అన్నీ వరుసలో చూసినప్పుడు తెలుస్తుంది.

ప్రదర్శనల నుంచి తిరిగి వచ్చాయని అన్నారు. ఎంపిక చేసేవారు వందల దరఖాస్తులలో ఒక్కొక్కదానికి ఇచ్చే సమయం స్వల్పం. నెమ్మదిగా చూస్తే తప్ప తెరుచుకోని చిత్రాలు ఆ వేగంలో నష్టపోతాయి. అందుచేత మళ్లీ పంపించడానికి తొందరపడకండి. దానికంటే, బొమ్మలు వేసే ఇద్దరు ముగ్గురిని ఇంటికి పిలవండి. చిత్రకారుడికి అన్నింటికంటే తీరని ఆకలి తోటి చిత్రకారుడి మాటకోసం. సామాన్య ప్రేక్షకుడి చప్పట్లు ఆ లోటును పూడ్చలేవు. విమర్శ వచ్చినా అది పని తెలిసిన విమర్శగా ఉంటుంది. ఏడాదిగా ఆగిపోయిన చేయి పొగడ్తకు కదలకపోయినా, ఒక్కోసారి వాదనకు కదులుతుంది.

మంచి మాట కూడా మోతాదు తప్పితే భారమవుతుందని చెప్పాలి. వాన్ గోను ఆకాశానికెత్తుతూ 1890 జనవరిలో ఆరియే అనే యువ విమర్శకుడు ఒక వ్యాసం రాశాడు. వాన్ గో అతనికి కృతజ్ఞతలు చెబుతూనే, ఆ గౌరవంలో ఎక్కువ భాగం ఇతర చిత్రకారులకు చెందుతుందని రాశాడు. కొన్ని నెలల తరువాత, తన చిత్రాల గురించి ఇంకా రాయవద్దని అతడికి చెప్పమని తమ్ముణ్ణి కోరాడు. ఎన్నో ఏళ్లు ఎవరూ చూడని మనిషిమీద ఒక్కసారిగా అందరి చూపూ పడితే తట్టుకోవడం కష్టం. కాబట్టి ఆయనకు చెప్పకుండా బొమ్మలను పదిమందిలో పెట్టడం, ఆశ్చర్యపరుద్దామని సన్మానసభ ఏర్పాటు చేయడం వంటివి చేయకండి. ఏది ఎవరికి చూపించాలన్నది ఆయన నిర్ణయంగానే ఉండాలి.

ఇక ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కుంచె పక్కన పెట్టిన మనిషి నిద్ర, తిండి, మాట కూడా తగ్గించుకున్నారా, బతకడమే వృథా అన్న ధోరణిలో మాట్లాడుతున్నారా అన్నది గమనించండి. అలా ఉంటే దానిని కళాకారుడి స్వభావమని సరిపెట్టుకోకుండా వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి, ఆ మాటలు విన్న రోజునే. శిల్పి కామీ క్లోదెల్ విషయంలో ఆమెకు అండగా నిలిచిన తండ్రి 1913లో పోయిన కొద్దిరోజులకే కుటుంబం ఆమెను మానసిక చికిత్సాలయంలో చేర్చింది. ఇంటికి పంపించవచ్చని తరువాత వైద్యులు సూచించినా తల్లి ఒప్పుకోలేదు. 1943లో చనిపోయేదాకా, ముప్పై ఏళ్లు, ఆమె అలాంటి చికిత్సాలయాలలోనే ఉండిపోయింది. చికిత్స అవసరమైనప్పుడు ఇప్పించడం వేరు, మనిషిని వదిలించుకోవడం వేరు. మీ ఉత్తరంలోని ఆర్తిని బట్టి మీరు ఆ రెండో కోవకు చెందినవారు కారని తెలుస్తూనే ఉంది. అయినా ఇంట్లో మిగిలినవారికి ఈ తేడా చెప్పవలసిన అవసరం మీకు రావచ్చు.

మళ్లీ బొమ్మలు వేయమని మాత్రం ఆయనను ఒత్తిడి చేయకండి. మీరు చూసినంతమాత్రాన ఆయన రేపే కుంచె పడతారని నేను హామీ ఇవ్వలేను. పట్టకపోయినా ఆ ముప్పై ఏళ్ల పని ఉంది, దానిని చూడవలసిన బాధ్యతా ఉంది. "ఎవరి కోసం వేయాలి?" అన్న ఆయన ప్రశ్నకు "నీ ఆత్మతృప్తి కోసం" అన్న జవాబు ఇవ్వవద్దు. అది ఎప్పటినుంచో ఆయనకు ఉన్నదే. అది సరిపోకపోవడం వల్లనే ఆ ప్రశ్న అడుగుతున్నారు. ఒక మనిషి తాను చూసినదానిని ఇంకొకరు కూడా చూడాలని కోరుకోవడం బలహీనత కాదు. బొమ్మ వేయడమంటేనే అది.

ఈ ఉత్తరం సంగతి ఆయనకు చెప్పాలా అని అడిగారు. చెప్పండి, కాని ముందు ఆ రెండు బొమ్మలను కిందికి దింపి చూడండి. మీకు కలిగిన సందేహాలు అడగండి. ఆ మాటలు సాగుతున్నప్పుడు, ఇలా ఒకరికి రాశానని చెబితే, తనమీద జాలిపడి ఎవరికో ఫిర్యాదు చేశారని ఆయన అనుకోరు. ఈ సమాధానం కూడా చదివి వినిపించవచ్చు. వాన్ గో గురించీ, తైలవర్ణాల గురించీ నేను రాసినదానిలో ఆయన ఏదైనా తప్పుపడితే, అది నాకు రాసి పంపండి.